మిరుగం ముందటి మడుగు

నీళ్ళు పరీక్షించే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను ఇవ్వగల సలహా ఒకటే: పొద్దు పొడవకముందే మడుగు దగ్గర ఉండండి. ఇది పుస్తకాల్లో లేదని కాదు, ఉంది. కానీ జీపు పదిగంటలకు గాని కదలని ఆఫీసులో ఆ పేజీ ఎవరూ తెరవరు. మేమూ తెరవలేదు. తెరిచిన తర్వాత ఏమైందో చెప్తాను.

నేను జహీరాబాద్ బజారులో పుట్టినవాణ్ణి. మాది కిరాణా దుకాణం. ఒక పక్క బట్టల కొట్టు, ఇంకో పక్క బెల్లం మండీ. కన్నడంలో ఒకరు, మరాఠీలో ఒకరు, ఉర్దూలో ఒకరు బేరమాడుతుంటే వింటూ పెరిగాను. అక్షరాల కన్నా ముందు నాకు బేరం వచ్చింది. సరుకు నచ్చినా మొహంలో కనపడనీయొద్దు. మొదటి మాట ఎప్పుడూ అన్యాయంగా ఉండాలి, న్యాయం దాని వెనక మెల్లగా వస్తుంది. లేచి పోతున్నట్టు నటించేటప్పుడు చెప్పులు మాత్రం నిదానంగా తొడుక్కోవాలి, అవతలివాడు పిలవడానికి టైమ్ ఇవ్వాలి కదా. ఇంత విద్య నేర్చినవాణ్ణి తీసుకుపోయి సర్కారు వాగుల్లో సీసాలు ముంచే పనిలో పెట్టింది. మా నాయన చాలా కాలం ఆ సంగతి గిరాకీలకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

"అంగట్ల అమ్మని సరుకు నీళ్ళొక్కటే. పోయి పోయి గదే పట్టుకున్నవు," అనేవాడు.

అప్పటికి డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలయ్యాయి. హైదరాబాదు తాగే మంజీర నీళ్ళలో ఎగువన ఏమేం కలుస్తున్నాయో చూడాలని జహీరాబాదులో రెండు కిరాయి గదుల్లో చిన్న ప్రయోగశాల పెట్టారు. అందులో ముగ్గురం. కృష్ణా డెల్టా నుంచి వచ్చిన కెమిస్టు సారు, ఎంత ఎండలోనైనా చొక్కా పై గుండీ తీయని మనిషి. జీపు డ్రైవరు, ఆయన్ను అందరం భాయ్ అనేవాళ్ళం. మూడోవాణ్ణి నేను, సీసాల కావడి మోసేవాణ్ణి.

ఆ ఏళ్ళలో మా దిక్కు చెరుకు పెరిగింది, చెరుకు వెంట యూరియా పెరిగింది. పక్కవాడి చెరుకు కన్నా తన చెరుకు నల్లగా కనపడాలన్నది రైతుల పంతం. మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే యూరియా చల్లి, మడి నిండి పొర్లేదాకా నీళ్ళు వదిలేవాళ్ళు. పొర్లిన నీళ్ళతో యూరియా కూడా వాగులోకి దిగేది, వాగు నుంచి మంజీరకు పోయేది. నదిలో నత్రజని ఎక్కువవుతున్నదని సారు పరీక్షలు చెప్తున్నాయి. అది ఏ వాగు నుంచి, ఏ చేను నుంచి అన్నది వెతకడం మా పని.

అట్లా వెతుకుతున్న రోజుల్లోనే రాయికోడ్ దిక్కు ఒక ఊరి నుంచి కబురొచ్చింది. మడుగులో చేపలు చచ్చి తేలుతున్నాయని.

ఆ ఊరి వాగు ఎండాకాలం పారదు. పారడం ఆగినప్పుడు ఒక వంపులో పొడుగాటి మడుగు మిగులుతుంది. బెస్తవాళ్ళ ఇండ్లు కొన్ని దాని మీదే బతికేవి. వాళ్ళకు ఏడాదంతా ఒక ఎత్తు, మిరుగం ఒక ఎత్తు. మృగశిర కార్తె వచ్చిన నాడు మా దిక్కు చేప తినని ఇల్లుండదు. తినకపోతే వానకాలం దగ్గు పట్టుకుంటుందని నమ్మకం. చేప ముట్టని మా బోంట్ల ఇండ్లలో ఇంగువ, బెల్లం కలిపి మింగించేవాళ్ళు. ఆ ఒక్కనాడు జహీరాబాదు అంగట్లో చేప దొరకడమే గొప్ప, బేరం మాటే లేదు. అటువంటి మిరుగానికి సరిగ్గా ముందు, వరుసగా రెండో ఏడు కూడా ఆ మడుగులో చేపలు తెల్లగా తేలాయి.

మేము వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. నీళ్ళు పాలకూర ఉడకబెట్టినంత పచ్చగా ఉన్నాయి. గట్టు మీద ఒక పెద్ద మనిషి, జుట్టు సగం నెరిసిన ఆడమనిషి, చచ్చిన చేపలను ఒక గుంటలో పోసి మన్ను కప్పుతున్నది. ఆ ఇండ్లన్నింటికీ చేపలు అంగడికి మోసి అమ్మేది ఆమేనట. అందరూ పెద్దమ్మ అంటున్నారు, మేమూ అట్లాగే అన్నాం.

"ఎవరో మందు కలిపిన్రు సారు," అన్నదామె. "ఎవరో ఏంది, ఆ మీది దిక్కు చెరుకు పటేలే. పోయినేడు మడుగుల మట్టికి బండ్లు దింపుత అంటే మేం వద్దన్నం. వల పాడైతదని. గప్పటిసంది కండ్లల్ల పెట్టుకున్నడు."

నేను మడుగు నీళ్ళు సీసాలో బుడగ చొరకుండా నింపాను. సారు రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేశారు. నీళ్ళలో ప్రాణవాయువు ఉంటే అడుగున గోధుమరంగు దిగుతుంది, లేకపోతే తెల్లగా దిగుతుంది. ఎంత ముదురు రంగైతే అంత వాయువు. ఆ రోజు సీసాలో దిగింది మా పక్క మండీలో అమ్మే నల్లబెల్లం రంగు. నాకు సంతోషమైంది.

"నీళ్ళు ఫస్ట్ క్లాస్ ఉన్నయి పెద్దమ్మా," అన్నాను, నేనే వండి వడ్డించినట్టు.

ఆమె చేతిలో పార పక్కన పెట్టి నన్ను కిందికీ మీదికీ చూసింది. అంగడికి వచ్చే మనిషి, మా దుకాణం ఎరిగినదే. "మరి గింత మంచి నీళ్ళల్ల చేపలెందుకు సచ్చినయ్ సేటూ? మొక్కున్నదా వాటికి?"

భాయ్ జీపులో కూర్చునే నవ్వాడు. తిరుగుదారి పొడుగునా ఆ మాట అంటూనే ఉన్నాడు, మొక్కున్నదా వాటికి, మొక్కున్నదా వాటికి అని.

నవ్వని మనిషి సారొక్కరే. మట్టిబాట దాటి రోడ్డెక్కిన తర్వాత నోరు విప్పారు. "మరీ ఎక్కువగా ఉందండీ వాయువు. అసలు నీళ్ళలో అంత పట్టకూడదు."

నా దుకాణం బుద్ధి అప్పుడు లేచింది. "సారూ, మండీల సంచి మూతి దగ్గర సరుకు మరీ మంచిగ ఉంటే మా నాయన కొనడు. చెయ్యి అడుగుదాక పెట్టి చూస్తడు."

"అడుగుదాకా అంటే?"

"ఏమో సారూ. నాకు సంచులే తెలుసు."

ఆయన కాసేపు కిటికీలోంచి చెరుకు తోటలు చూశారు. "పెద్దమ్మ ఇంకో మాట అంది, విన్నారా? బొచ్చెలూ రవ్వలూ చచ్చాయి గానీ కొర్రమట్టలు మిగిలాయనీ, అవే అమ్ముకుంటున్నామనీ. విషం పడితే కొర్రమట్టను మాత్రం ఎందుకు వదులుతుంది? కొర్రమట్ట నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. మిగతావి పీల్చలేవు. అంటే అవి ఊపిరాడక చచ్చాయి." తర్వాత నెమ్మదిగా విప్పి చెప్పారు. యూరియా తిని నాచు దట్టంగా పెరిగింది. ఎండ ఉన్నంతసేపూ అది నీళ్ళలోకి వాయువు వదులుతుంది. పొద్దు గూకితే అదే నాచు తిరిగి పీలుస్తుంది. మిరుగం ముందు మబ్బు కమ్మిన రోజుల్లో పగలు వచ్చే ఆదాయం ఉండదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. తెల్లారేసరికి సంచి ఖాళీ. ఆదాయం ఖర్చు అన్న మాటలు ఆయన నా కోసమే వాడారని తర్వాత అర్థమైంది.

కనుక తెల్లారేసరికి అక్కడ ఉండాలి. భాయ్‌ని అడిగాను.

"జీపు సర్కారుది. సర్కారు లేవకముందు గిది ఎట్ల లేస్తది?" అన్నాడు. చాయ్ ఆశ చూపాను, బీడీ కట్ట చూపాను. నా జీవితంలో ఓడిన బేరాల్లో అదొకటి. చివరకు నేనే ముందునాటి ఆఖరి బస్సుకు వెళ్ళి, ఊరి బడి అరుగు మీద సీసాలు తలకింద పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారుజామున మబ్బు పట్టి ఉంది. మడుగు మీద ఎక్కడ చూసినా చిన్న చిన్న నోళ్ళు. మిగిలిన చేపలు పైకొచ్చి, మూతులు తెరిచి మూస్తున్నాయి. పెద్దమ్మ నాకన్నా ముందే వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సీసా నింపి చుక్కలు వేశాను. తెల్లగా, విరిగిన పాలలా దిగింది. గోధుమరంగు ఛాయ కూడా లేదు.

"గిదేంది, మొన్న బెల్లమన్నవు?" అన్నది.

"మొన్న పగలొచ్చిన పెద్దమ్మా. ఊపిరి లేదు నీళ్ళల్ల. ఎవరూ విషం పొయ్యలే."

ఎవరో విషం పోశారంటే కోపగించుకోవడానికి మనిషి ఉంటాడు. ఊపిరి లేదంటే ఎవరి మీద కోపగించుకోవాలి? పెద్దమ్మ అన్నది, "ఇంకొక్క మిరుగం చూస్తం. అది గూడ పోతే వలలు అమ్ముకొని పట్నం పోతం. మా ఇండ్లోళ్ళు అప్పుడే సామాన్లు సదురుతున్నరు."

ఆ మాట విన్నాక, నాకు సీసాలు ముంచడంతో ఆగాలనిపించలేదు. పటేల్‌తో మాట్లాడి చెరుకు నీళ్ళు మడుగులోకి రాకుండా చూడాలన్నాను. సారు సరేనన్నారు. "మాట్లాడడం మీ పని. నాకు రాదు," అన్నారు. ఆ మాటతో గర్వంగా పెరిగి నా తల మా దుకాణం తాటాకు పందిరికి తగిలింది.

రెండు వానలు పడి నేల కాస్త చల్లబడ్డాక, మడుగు గట్టు మీద కూర్చున్నాం. పటేల్, ఆయన వెంట ఇద్దరు చెరుకు రైతులు. ఇటు పెద్దమ్మ, బెస్త ఇండ్ల మగవాళ్ళు. పటేల్ నెమ్మదిగా మాట్లాడే మనిషి, తువ్వాలు భుజం మీద నుంచి తీసి పరుచుకుని కూర్చున్నాడు. సారు తెల్లగా దిగిన సీసా, ఊరబావి నీళ్ళ సీసా పక్కపక్కన పెట్టి చూపించారు. పటేల్ రెండింటినీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. అంతదాకా బాగానే ఉంది.

అప్పుడు నేను బేరం మొదలుపెట్టాను. మా ఇంటి పద్ధతి ప్రకారం మొదటి మాట అన్యాయంగా అడగాలి కదా.

"పటేలా, ఎండకాలం చెరుకుకు యూరియా మొత్తం బంద్ పెట్టు."

ఆయన సగానికి బేరమాడతాడు, నేను సగానికి ఒప్పుకుంటాను, అందరం చాయ్ తాగి లేస్తాం అనుకున్నాను. ఆయన బేరమాడలేదు. నా మొహం కేసి చూశాడు.

"ఎండకాలం నీ దుకాణం బంద్ పెట్టు అంటే పెడ్తవా?"

బజారులో అన్యాయపు ధర చెప్తే అది ఆట. చేను ముందర కూర్చున్న రైతుకు అది తిట్టు. ఆ తేడా నాకు ఎవరూ నేర్పలేదు.

"ఇంకొకటి గూడ చెప్త, ఇనున్రి," అన్నాడు పటేల్, ఈసారి బెస్తవాళ్ళ దిక్కు తిరిగి. "నా మోరీ నీళ్ళు వాగుల కింది దిక్కు పడుతుండె. దాన్ని మలిపి మడుగులకు కాలువ తవ్వుకున్నది ఎవరు? నేనా, మీరా?"

ఎవరూ తల ఎత్తలేదు. సారు నా దిక్కు చూశారు. నాకూ అప్పుడే తెలుస్తున్నది. తర్వాత బయటపడిన సంగతి ఇది. ఎండాకాలం మడుగు ఇంకిపోకుండా ఉంటుందని, మూడేండ్ల కింద బెస్తవాళ్ళే పటేల్ చేనులో పొర్లిన నీళ్ళు పోయే మోరీని తమ దిక్కు మలుపుకున్నారు. మొదటేడు నీళ్ళు పచ్చబడ్డాయి, చేప ఎన్నడూ లేనంత బలిసింది. చెరుకు నీళ్ళు గంగమ్మ పంపిన మేత అనుకున్నారు. కాలువకు కొబ్బరికాయ కూడా కొట్టారట. ఉప్పు వేస్తే కూర రుచిగా అయిందని దోసిలితో వేసినట్టు, మరుసటేడు కాలువను ఇంకా వెడల్పు చేశారు. చేపలు చావడం అప్పుడే మొదలైంది.

పటేల్ తువ్వాలు దులిపి లేచాడు. చెప్పులు నిదానంగా కాదు, గబగబా తొడుక్కుంటున్నాడు. అది నటన కాదని నాకు తెలిసిపోయింది. బేరం చెడింది, చెడగొట్టింది నేను.

"పటేలా," అన్నది పెద్దమ్మ. కూర్చున్నచోటు నుంచి లేవను కూడా లేదు. "మడుగు మట్టి వద్దా నీకు?"

ఆయన ఒక కాలికి చెప్పుతో ఆగాడు.

"పోయినేటిసంది అడుగుతున్నవు గద. మడుగు సన్నవడ్డంక మీది దిక్కు మట్టి ఎత్తుకపో. నల్లగ, మెత్తగ, ఎరువు లెక్క ఉంటది. నీ యూరియా అంత దాంట్లనే ఉన్నది. నీది నువ్వు తీస్కపోయినట్టైతది."

"వల పాడైతది అంటివి?"

"లోతు దిక్కు బండ్లు దించకు. నేను గట్టు మీద కూసుంట, చూసుకుంట."

పటేల్ రెండో చెప్పు తొడగకుండానే అడిగాడు, "బదులేం గావాలె?"

"యూరియా బంద్ వద్దు. అది ఈ సేటు పిలగాని మాట, వాడు శేను మొకం ఎర్గడు. ఒక్కపారి ఎయ్యకు. మూడు పార్లు ఎయ్యి. చెరుకు మొదలుకాడ పెట్టి మన్ను కప్పు. మడి పొర్లనియ్యకు. కరెంటొచ్చినప్పుడు నువ్వు శేన్ల లేకుంటే ఎవరినన్న ఉంచు."

"కాలువ?"

అక్కడ పెద్దమ్మ కూడా ఆగింది. కాలువ పూడిస్తే మడుగు ఎండుతుంది, ఉంచితే పచ్చబడుతుంది. ఆ ముడి విప్పింది సారు. అంతసేపూ గడ్డిపోచ తుంచుతూ కూర్చున్న మనిషి మొదటిసారి మాట కలిపారు.

"కాలువ ఉంచండి. ముందు ఆ నీళ్ళను చేను కింద గడ్డి మడిలోంచి పోనివ్వండి. పశువులకు గడ్డి కావాలి గదా పటేల్ గారూ. చెరుకు తినగా మిగిలింది గడ్డి తింటుంది. గడ్డి తినగా మిగిలిందే చేపకు."

"గడ్డికి ఎంత జాగ?" అన్నాడు పటేల్. అప్పుడు నిజమైన బేరం మొదలైంది. పటేల్ నాలుగు సాళ్ళు అన్నాడు, పెద్దమ్మ చేను చివరంతా అన్నది. ఇద్దరూ అడుగులతో కొలుచుకుంటూ అటూ ఇటూ నడిచారు. నేను పక్కన నిలబడి చూశాను. అంత బాగా ఇద్దరు మనుషులు బేరమాడడం బజారులో కూడా చూడలేదు. ఇద్దరూ ఓడినట్టు మొహాలు పెట్టి, ఇద్దరూ గెలిచి వెళ్ళారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. బస్సులో వస్తుంటే సారు ఓదార్చారు, "మీరు మొదలుపెట్టకపోతే వాళ్ళు కూర్చునేవారు కాదండీ." నాకు తెలుసు, అది వట్టి మర్యాద. కానీ మర్యాదలను కాదనే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ ఏడు వానలు, చలి, ఎండ అన్నీ గడిచాయి. ఎండాకాలం మడుగు సన్నబడ్డప్పుడు వెళ్ళాను. పటేల్ బండ్లు మడుగు మీది దిక్కు మట్టి ఎత్తుతున్నాయి. గట్టు మీద పెద్దమ్మ, తలమీద కొంగు, చేతిలో కర్ర. బండి ఒక అడుగు లోతు దిక్కు పోతే కర్ర లేస్తున్నది. గడ్డి మడి మోకాలెత్తు పెరిగింది. పటేల్ బర్రెలు బాగా బలిశాయని అందరికన్నా ముందు ఆయనే నాకు చెప్పాడు, యూరియా సంగతి మాత్రం ఎత్తలేదు. నీళ్ళు పచ్చగానే ఉన్నాయి, కానీ లేత పచ్చ. చెయ్యి ముంచితే వేళ్ళు కనపడుతున్నాయి.

మిరుగానికి ముందు మబ్బులు పట్టాయి. ఎండ కనపడకుండా ఒక రోజు, మళ్ళీ ఒక రోజు గడిచింది. నేను సీసాలు తీసుకుని ఆఖరి బస్సెక్కాను. బడి అరుగు మీద పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఆ ఇండ్ల వాకిళ్ళలో మూటలు కట్టి ఉన్నాయి, వస్తూ చూశాను. వల అమ్మే మాట నాతో ఎవరూ మళ్ళీ అనలేదు. మూటలు చూస్తే అనక్కర్లేదు.

తెల్లారుతుంటే మడుగు దగ్గరికి పోయాను. బెస్తవాళ్ళందరూ ఉన్నారు. పటేల్ కూడా వచ్చాడు, వేపపుల్ల నములుతూ, ఊరికే ఇటు పోతున్నట్టు. మడుగు మీద అక్కడక్కడ నోళ్ళు కనపడ్డాయి. పోయినేటి అంత కాదు, లేవనీ కాదు. గట్టు వారన కొన్ని చేపలు తేలి ఉన్నాయి. నేను సీసా నింపి చుక్కలు వేస్తుంటే అందరూ వంగారు. దాంట్లో దిగేది ఏమిటో అప్పటికి వాళ్ళందరికీ తెలుసు.

పలుచటి చాయ్ రంగు దిగింది.

"ఉన్నదా?" అన్నది పెద్దమ్మ.

"కొంచెం ఉన్నది. అంత మంచిగ లేదు పెద్దమ్మా. సరిపోతది."

"సరిపోతే సాలు," అని ఆమె మగవాళ్ళ దిక్కు చెయ్యి ఊపింది. "దించున్రి వల."

మీకు నిజం చెప్పాలి. ఆ ఒక్క మడుగుతో మంజీరలో నత్రజని తగ్గలేదు. అటువంటి వాగులు ఎన్నో, అటువంటి చేన్లు ఎన్నో. మా పరీక్షల్లో నది అంకె ఆ ఏడు కదిలినట్టు కూడా కనపడలేదు. నేను రిటైరయ్యేదాకా అది ఒకసారి ఎక్కుతూ ఒకసారి దిగుతూనే ఉంది. ఉద్యోగంలో మనం గెలిచింది ఎంత అని ఎవరైనా అడిగితే నేను మొదట ఎక్కువే చెప్తాను, అలవాటు. తర్వాత దిగి దిగి ఆ మడుగు దగ్గర ఆగుతాను. అంతకన్నా తగ్గించను.

వల నిండింది అనను, కానీ బుట్టలు నిండాయి. బొచ్చెలు, రవ్వలు, ఒకటి రెండు తోకలు కొడుతూనే ఉన్నాయి. పెద్దమ్మ జహీరాబాదు అంగడికి మొదటి బస్సు పట్టుకోవాలి. బుట్టను బస్సు మీద వేయడానికి ఆమె ఒప్పుకోలేదు, ఎండకు పాడవుతాయని. కండక్టరు లోపలికి రానివ్వనన్నాడు. నేను సర్కారు మనిషినని గట్టిగా చెప్పాను. ఎవరి సర్కారు అని అతను అడగలేదు, అదృష్టం. దారంతా బుట్ట సగం ఆమె ఒడిలో, సగం నా ఒడిలో. నీళ్ళు కారి నా ప్యాంటు తడిసింది. బస్సంతా ముక్కులు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనివాణ్ణి, ఆ రోజు చేపలు నన్ను ముట్టాయి. పెద్దమ్మ అంగట్లో దిగి, వెనక్కు చూడకుండా గిరాకీ దిక్కు పరుగెత్తింది. ఆమె చుట్టూ అప్పుడే మూగుతున్నారు.

ఇంటికి పోయి బట్టలు మార్చుకునే టైమ్ లేదు. తడి ప్యాంటుతోనే ఆఫీసుకు పోయాను. సారు పొద్దున్నే వచ్చి సూక్ష్మదర్శిని మీద వంగి కూర్చున్నారు. నేను గడప దాటానో లేదో తల ఎత్తారు. నా చేతిలో సీసా ఉంది, చాచాను. ఆయన దాని దిక్కు చూడనేలేదు. ముక్కు ఎగబీల్చారు.

"బతికాయన్నమాట," అన్నారు, లేచి కిటికీ రెక్కలు రెండూ తెరుస్తూ.